మా ఆయన బీరువాలో దోన్ హిల్దో

ఇరవై తొమ్మిదేళ్లపాటు మా ఇంట్లో పొద్దున ఐదింటికి మొదట లేచేది రేడియో. దాని తర్వాత నేను. నా తర్వాత పొయ్యి మీద మాతే ఆకుకి పోసే వేణ్ణీళ్లు. ఆఖరున మా ఆయన రుఫినో. మాతే తాగుతూ ఆయన నది మట్టం వినేవాడు. రాత్రికి రాత్రి ఎన్ని సెంటీమీటర్లు పెరిగింది, ఎన్ని తగ్గింది అని. తర్వాత ఊళ్లో పోయినవాళ్ల పేర్లు. తర్వాత తప్పిపోయిన ఆవులు. ఈ మూడూ అయ్యాకే బట్టల మిల్లుకి సైకిలెక్కేవాడు.

ఇప్పుడు ఆ రేడియో మీద గుడ్డ కప్పి ఉంది. చావు జరిగి నల్లబట్ట కట్టిన ఇంట్లో ఏడాదిపాటు పాటా వినపడకూడదు, రేడియో మోగకూడదు. అందుకని నా రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలవుతోంది. ఊరంతా భోంచేసి పడుకున్నాక నేను లేచి కిటికీలు మూస్తాను. ఫ్యాన్ ఆపుతాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకుతాను, అది పందిలా గురక పెడుతుంది కాబట్టి. కుక్కకి ఎముక వేసి పెరటి చివర కట్టేస్తాను. గోడ గడియారం దించి పరుపు కింద పెడతాను. అప్పుడు గేటు దగ్గర, మా ఊళ్లో తలుపు తట్టే బదులు కొట్టే చప్పట్లు వినపడతాయి, చిన్నగా, రెండే రెండు. దోన్ హిల్దో వచ్చాడన్నమాట. వచ్చి, టోపీ తీసి, చెప్పులు విడిచి, మా ఆయన బీరువాలో దూరి తలుపేసుకుంటాడు.

ఇది విని ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు. మా ప్వెర్తో కాన్సుయేలో ఊళ్లో అనుకోవలసినవాళ్లందరూ ఎప్పుడో అనుకున్నారు.

అతని అసలు పేరు ఎర్మెనెహిల్దో ఒహేదా. అంత పేరూ పిలిచేలోగా బల్లకట్టు అవతలి ఒడ్డు చేరిపోతుందని జనం దాన్ని హిల్దో చేశారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ బల్లకట్టు మీదే టికెట్లు చింపాడు. ఇంజను మోత మీదుగా అర్జెంటీనా ఒడ్డుకి వినపడేలా అరిచి అరిచి అతని గొంతుకి చిన్న సైజు లేకుండా పోయింది. భోజనాల దగ్గర ఉప్పు అడిగినా, పడవ మునిగిపోతోందేమో అని పిల్లలు బెంచీలు పట్టుకునేవారు. డ్యూటీ ఎక్కే ముందు అరగంట మా ఊరి చిన్న రేడియోలో కూర్చుని నది మట్టం, చావు కబుర్లు, తప్పిపోయిన పశువులు చదివేవాడు. జీతం లేదు. పదకొండేళ్లు చదివాడు. మా ఆయన పొద్దున్నే విన్న గొంతు అదే. పైగా హిల్దో పెద్దకొడుక్కి బాప్తిస్మంలో మా ఆయనే జ్ఞానతండ్రి, కాబట్టి మేము ఒకరికొకరం కొంపాద్రే, కొమాద్రే. ఆ వరస పెట్టి ఎంత తిట్టుకున్నా చెల్లుతుంది.

కిందటి ఏడు సెప్టెంబరులో మా చిన్న రేడియోని రాజధానిలోని పెద్ద రేడియో ఒకటి కొనేసింది. అప్పట్నుంచి అసున్సియోన్‌లో ఏ వీధిలో కార్లు ఆగిపోయాయో మాకు పొద్దున్నే చెబుతున్నారు. మా వీధిలో ఆగేది పాలవాడి గుర్రబ్బండి ఒక్కటే. అది ఎక్కడ ఆగిందో రేడియో చెప్పకపోయినా తెలుస్తుంది, వాసన వస్తుంది.

అక్టోబరులో ఒక గురువారం రుఫినో మిల్లు గేటు దగ్గర సైకిల్ దిగుతూ పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా కూడా ఉండలేదు. హిల్దో ఒక కాగితం మీద ఆయన పేరు, శవయాత్ర వేళ, ఇంటి గుర్తు అందంగా రాసుకుని రేడియో స్టేషనుకి పరుగెత్తాడు. అరగంటకి ఆ కాగితంతోనే తిరిగొచ్చాడు.

"కొత్త తాళం వేశారు కొమాద్రే. కిటికీలోంచి చూశాను, లోపల మనిషి లేడు. పచ్చ లైటొకటి ఉంది, అంతే. దానికే చెబుదామన్నా చెవి లేదు."

మా ఊళ్లో మర్నాటికల్లా మట్టి చేసేస్తాం. వచ్చింది ఇరవై మంది. ప్రతి ఆదివారం ఆయనతో చేపలు పట్టే ముగ్గురు స్నేహితులు నది అవతల ఉంటారు. వాళ్లకి తొమ్మిది రోజుల ప్రార్థనలు కూడా అయిపోయాక తెలిసింది. తడి గోనెలో పెద్ద సురుబీ చేప చుట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. చప్పట్లు కూడా కొట్టలేదు. ఆ చేపని ఏం చేయాలో నాకు తోచలేదు. వండి పెట్టాను.

నెల తిరిగాక హిల్దో వచ్చి, "కొమాద్రే, నేను పాడ్‌కాస్ట్ పెడుతున్నాను," అన్నాడు.

"పెట్టుకోండి, కానీ ఇక్కడొద్దు, ఇప్పుడే తుడిచాను," అన్నాను. నాకు నిజంగా తెలియదు.

అది ఫోన్లో వచ్చే రేడియోలాంటిదనీ, ఎవరికి తీరికైనప్పుడు వాళ్లు వినొచ్చనీ, దానికి ఎవరి తాళమూ ఉండదనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నాడు. ఆ కాగితం ఇంకా అందులోనే ఉందని నాకు తెలుసు. నేను అడగలేదు, అతను చూపించలేదు.

చిక్కల్లా చోటు దగ్గర. అతనింట్లో నాలుగు పుంజులు, కోడలి కుట్టుమిషను, గోడకవతల వెల్డింగు షాపు. బల్లకట్టు కేబిన్లో ప్రయత్నిస్తే ఇంజను తప్ప ఏమీ వినపడలేదట. చర్చిలో పాపాలు ఒప్పుకునే గూట్లో దూరితే ఫాదరు పట్టుకుని, "జనం పాపాలు దించుకునే చోట నది మట్టం చదువుతావా?" అని బయటికి తోశాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఊళ్లో రేడియో మోగని ఇల్లు ఒక్కటే ఉంది.

మొదటిరోజు హాల్లో కూర్చున్నాడు. ఖాళీ గదులు కదా, ప్రతి మాటా గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. తప్పిపోయిన ఒక్క ఆవు మూడావులైంది. నేను దుప్పటి కోసం పక్కగదిలో బీరువా తెరిచాను. అతను మైకు చేత్తో పట్టుకుని చదువుకుంటూ అటుగా నడిచాడు. అంతే, ఆ గొంతు ఒక్కసారిగా మెత్తబడిపోయింది. పెళ్లి కోటు, మిల్లు కోటు, భుజాల మీద కప్పుకునే ఊలు పోంచో, వాన కోటు, పదిహేడు చొక్కాలు. అవి అతని అరుపుని మింగేశాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"కొమాద్రే, మీరు ఏమీ అనుకోనంటే..."

"స్టూలు లోపల పడుతుందా చూడండి," అన్నాను.

పట్టింది. ఆ బీరువా మా మామగారు లపాచో చెక్కతో చేసింది, మూడు తలుపులది. అందులో ఒక దూడ కూడా పడుతుంది.

మొదటి వారాలు నేను తలుపుకి ఇవతల కూర్చుని పాఠాలు చెప్పాల్సొచ్చింది. "కొంపాద్రే, మీరు బల్లకట్టు మీద లేరు, చొక్కాల మధ్య ఉన్నారు. నెమ్మది!" అని చెక్క మీద కొట్టేదాన్ని. నాఫ్తలీన్ ఉండలకి అతనికి తుమ్ములొచ్చేవి. తుమ్ము తీసేయడం అతనికి చేతకాదు, మళ్లీ మొదట్నుంచీ చదివే ఓపికా లేదు, అందుకని తుమ్ములన్నీ అలాగే ఊళ్లోకి వెళ్లిపోయేవి. ఉండలు తీసేసి ఎండబెట్టిన నారింజ తొక్కలు వేశాను. అయినా తుమ్ముతూనే ఉన్నాడు. మాకు జనవరి నడివేసవి, ఆ ఎండల్లో ఊలు పోంచో పక్కన అరగంట కూర్చుని బయటికొస్తే ఉడికిన కర్రపెండలంలా ఉండేవాడు. నేను చల్లనీళ్లు ఇచ్చేదాన్ని. తాగి, "ఎలా వచ్చింది?" అని అడిగేవాడు. అతను అడిగేది తన గొంతు గురించి. నేను చూసేది, మా ఆయన కోటు ఏ హ్యాంగరు మీంచి జారిందా అని. వాసనున్న చొక్కా ఒకటి మాత్రం నేను ముందే తీసి వేరే చోట పెట్టుకున్నాను.

కార్యక్రమం పేరు 'నది, మనుషులు, పశువులు'. పేరు బాగుంది, కానీ ఎవరికైనా కనబడితే కదా! ఫోన్లో కాన్సుయేలో అని వెతికితే ముందు ఒక పాటలావిడ, తర్వాత ఒక జాతకాలావిడ, తర్వాత ఒక జుట్టు నూనె. ఆ తర్వాత పెద్ద రేడియో వాళ్ల 'మన ఊళ్ల గొంతు' అని ఒకటి. అందులో మన ఊరేదీ లేదు, గొంతు ఉంది. అంతమందినీ దాటుకుంటూ వేలు నొప్పి పుట్టేదాకా కిందికి వెళితే అప్పుడు మా హిల్దో. టోపీ పెట్టుకున్న ఫోటో, పాస్‌పోర్టుకి దిగినట్టు.

వేళ్లు నొప్పి పెట్టేవాళ్ల కోసం అతను చిన్న చీటీలు రాసి బేకరీలో, మందుల షాపులో, బల్లకట్టు రేవు దగ్గర అంటించాడు. మూడో రోజుకల్లా పెద్ద రేడియో వాళ్లు వాటి మీద తలుపంత పోస్టరు అంటించారు. నవ్వుతున్న అమ్మాయి, పళ్లు ఒక్కొక్కటీ చిపా రొట్టె అంత. హిల్దో గొడవ పడలేదు. ఆమె నోట్లోనే, ముందుపళ్ల మధ్య, తన చీటీ అంటించి వచ్చాడు.

"పన్నులో ఇరుక్కున్న మాంసంలా ఉంది కొంపాద్రే," అన్నాను.

"ఇరుక్కుంటేనే మంచిది. నాలుక అక్కడికే పోతుంది," అన్నాడు.

ఆగస్టులో లైబ్రరీ వాళ్ల దగ్గర ఒక గది ఉందని తెలిసింది. చల్లటి గది, గోడలకి స్పాంజి, రెండు మంచి మైకులు. దాని బాధ్యత దోన్ క్రిసాంతోది. ఊరి కౌన్సిల్లో సంస్కృతి చూసేది అతనే. ఆ మనిషి చొక్కా ఎప్పుడూ నలగదు. హిల్దో వెళ్లి అడిగితే ఫారం తీసి చూపించాడు. అక్టోబరు ఆఖరుకల్లా వంద మంది శ్రోతలు ఉన్నట్టు ఫోన్ అంకె చూపిస్తే గది ఇస్తారు. లేకపోతే అదే గదిని అడుగుతున్నవాళ్లు ఇంకొకరున్నారు. ఆ ఇంకొకరు ఎవరో చెప్పలేదు. పళ్లు చూపించి నవ్వాడు.

ఆ వంద అతనికి ఎందుకంత అవసరమో ఊరికంతా తెలుసు. అక్టోబరు ఇరవైకి మా ఆయన పోయి ఏడాది. ఆ రోజుతో నల్లబట్ట విప్పేస్తాను, రేడియో మీద గుడ్డ తీస్తారు, పోయినవాడి బట్టలు పంచేస్తారు. బట్టలు లేని బీరువా అంటే ఒట్టి చెక్కపెట్టె. అందులో మాట్లాడితే ఒకావు మూడావులవుతుంది. మా ఆడపడుచు దియోలిందా ఏ కోటు ఎవరికో జూన్ నెలలోనే చీటీ రాసి పెట్టుకుంది.

"వదినా, మిల్లు కోటు మా చిన్నాడికి. పోంచో ఫాదరుగారికి. ఆ పెళ్లి కోటు ఎవరైనా సన్నటివాడికి ఇవ్వాలి. నీ బీరువాలో కూర్చునే ఆయనకి మాత్రం పట్టదు, చెబుతున్నా!"

"ఆయన కోటు కోసం కూర్చోవడం లేదు దియోలిందా."

"మరి దేనికోసమో! ఫోన్లో ఎవరు వింటారు ఈయన సోది? నేనైతే ఒక్కసారీ వినలేదు."

ఏడాది దినానికి నాలుగురోజుల ముందు బీరువాలోకి వెళ్తూ హిల్దో జేబులోంచి ఆ కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. లోపల్నుంచి అతని గొంతు వినపడింది. కిందటేడు రాసినది రాసినట్టే చదివాడు: రుఫినో వెరా, బట్టల మిల్లు కార్మికుడు, ఇంటి గుర్తు నీలం గేటు. తర్వాత, "ఇది ఏడాది ఆలస్యంగా చదువుతున్నాను. తప్పు నాది కాదు, అయినా క్షమించండి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఏడాది ప్రార్థన. తెలిసినవాళ్లూ, అప్పుడు తెలియనివాళ్లూ రండి," అన్నాడు. ఆ రోజు తుమ్మలేదు.

నేను నీళ్లిచ్చి అడిగాను. "కొంపాద్రే, చిపాలు ఎన్ని చేయమంటారు? అసలు ఎంతమంది వింటున్నారు మిమ్మల్ని?"

అతను ఫోను చూసి, చూపించడం ఇష్టం లేనట్టు అరచెయ్యి అడ్డం పెట్టి, "ముప్పై నాలుగు," అన్నాడు. మొదటిసారి అతని గొంతుకి చిన్న సైజు దొరికింది.

ఏడాది ప్రార్థనకి వచ్చినవాళ్లెవరినీ చిపా లేకుండా పంపకూడదు. అది మాకు పెద్ద అప్రతిష్ఠ. ముప్పై నాలుగు మంది, చుట్టాలు పదిహేను, ఫాదరు, కోరస్ పాడే ముసలమ్మలు. ఎందుకైనా మంచిదని ఎనభై చిపాలు చేశాను. మొక్కజొన్న పిండి, జున్ను, సోంపు, అరటాకు మీద పెట్టి పెరటి పొయ్యిలో కాల్చాను. దియోలిందా బుట్టలు చూసి, "మిగిలినవి కోళ్లకి వేద్దువుగాని," అంది.

మూడున్నరకే గేటు దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. కొంతసేపటికి ఎవరు ఎప్పుడు కొడుతున్నారో తెలియక అవి ఊరేగింపు చప్పట్లలా అయిపోయాయి. బేకరీవాళ్లొచ్చారు. మిల్లులో మూడు షిఫ్టుల వాళ్లూ వచ్చారు. కట్ట అవతల జాలర్లు తడి కాళ్లతో వచ్చారు. నాలుగు గంటల బల్లకట్టు దిగి మా ఆయన ముగ్గురు స్నేహితులు వచ్చారు, వాళ్ల పెళ్లాలతో, పిల్లలతో, ఈసారి చేప లేకుండా, పూలతో. పెరడు నిండి, వసారా నిండి, జనం వీధిలో మోకాళ్ల మీద కూర్చున్నారు. ఫాదరు ప్రార్థన చదువుతున్నంతసేపూ నేను పాపం మూటగట్టుకుంటూ తలకాయలు లెక్కపెట్టాను. నూట అరవై దగ్గర వదిలేశాను.

"చిపాలు విరుచు," అన్నాను దియోలిందాతో.

"సగమా?"

"పావు."

మూలవీధి కుట్టుపనావిడ లిదుబినా పావు చిపా అందుకుంటూ నవ్వింది. "ఏంటి న్యా తోమాసా, మమ్మల్ని రమ్మని చెప్పి పిచికలకి పెట్టినట్టు పెడుతున్నారు?"

"మీరంతా వస్తారని ఎవరు చెప్పారు? వినేది ముప్పై నాలుగు మందేగా!"

"ముప్పై నాలుగా? మా గుమ్మం ముందే పద్నాలుగు మందిమి!"

అప్పుడు తెలిసింది. కునుకు తీసి లేచాక వీధిలో కుర్చీలేసుకుని అందరూ తెరెరె, అంటే చల్లనీళ్ల మాతే, తాగుతారు కదా, ఒకే కొమ్ము కప్పు చేతులు మారుతూ. మధ్యలో లిదుబినా ఫోను, అది కూడా అల్యూమినియం జగ్గులో, శబ్దం పెద్దగా రావాలని. బేకరీ దగ్గర ఒక ఫోనుకి తొమ్మిది మంది. మిల్లులో ఒక ఫోనుకి ఒక షిఫ్టు. బల్లకట్టు మీద డ్రైవరు ఫోను, దానికి ఎక్కిన వాళ్లంతా. ఫోనుకి మాత్రం అక్కడ ఒక్కరే ఉన్నట్టు లెక్క.

హిల్దో చేతిలో పావు చిపా అలాగే ఉంది. "మరి ఒక్కొక్కరూ ఎవరి ఫోన్లో వాళ్లు వినొచ్చుగా!"

లిదుబినా అతన్ని బూతు మాట అన్నట్టు చూసింది. "ఒక్కదాన్నే చెవిలో వైరు పెట్టుకునా? అంటే తలుపేసుకుని ఒక్కదాన్నే తెరెరె తాగమంటారా? మా అమ్మ నన్ను అలా పెంచలేదు దోన్ హిల్దో."

అయినా గడువుకి పదకొండు రోజులున్నాయి. మర్నాడు లిదుబినాయే పూనుకుంది. పద్నాలుగు మందీ ఎవరి ఫోను వాళ్లు తెచ్చుకున్నారు, నేను కూడా నా చిన్న ఫోను పట్టుకెళ్లాను. మూడు లెక్కపెట్టి ఒకేసారి నొక్కాం. ఒకేసారి ఎక్కడ వస్తుంది? ఒక హిల్దో నమస్కారం పెడుతున్నాడు, ఇంకొక హిల్దో అప్పుడే ఆవుని వెతుకుతున్నాడు, అందరిలోకీ పెద్దావిడ న్యా బాసిలియా ఒళ్లోని హిల్దో తుమ్మాడు, అర నిమిషం తర్వాత నా చేతిలోని హిల్దో అదే తుమ్ము తుమ్మాడు. వాన పడ్డాక గుంటలో కప్పల్లాగ. నది పెరిగిందా తగ్గిందా ఎవరికీ తెలియలేదు. రెండోరోజుకి అందరూ మిగిలిన పద్నాలుగు ఫోన్లు కొంగుల్లో పెట్టేసి లిదుబినా ఫోన్ని మళ్లీ జగ్గులో వేశారు.

అక్టోబరు ఆఖరు రోజున అంకె యాభై ఎనిమిది. హిల్దో ఒక్కడే వెళ్తానన్నాడు, నేను వెంట వెళ్లాను. ఏడాది తర్వాత మొదటిసారి రంగు బట్ట కట్టుకుని వీధిలోకి వెళ్లడం. లేత నీలం.

"దోన్ క్రిసాంతో," అన్నాను, "మా ఇంటికొచ్చిన జనాన్ని మీరూ చూశారుగా."

"చూశాను సెన్యోరా. వచ్చాను కూడా."

"మరి?"

"ఫారంలో శ్రోతల సంఖ్య అని గడి ఉంది. చిపాల సంఖ్య అని లేదు. నేనేం చేయను?"

"మీరు తిన్న పావు కూడా రాయకండి లెండి," అన్నాడు హిల్దో. టోపీ పెట్టుకుని బయటికొచ్చేశాం. సాయంత్రానికి ఆ గది తలుపు మీద పళ్ల అమ్మాయి పోస్టరు వెలిసింది.

దారంతా అతను టోపీ సర్దుకుంటూనే నడిచాడు. మా గేటు దగ్గర ఆగి, "శనివారం వచ్చి స్టూలు, మైకు తీసుకుపోతాను కొమాద్రే. ఆ రోజు దియోలిందాగారు బట్టలు సర్దుతారన్నారు. ఆఖరుదొకటి నిలబడి చదివేస్తాను, హాల్లోనే. ఎలా వస్తే అలా," అన్నాడు.

"ఆవులు మూడవుతాయి," అన్నాను.

"అవనీండి. దొరికినప్పుడు ఒకటే దొరుకుతుంది."

శనివారం పన్నెండున్నరకే దియోలిందా నాలుగు గుడ్డసంచులతో దిగింది. ఏడాది దినం రోజున ఇల్లంతా జనంతో నిండిపోయి బట్టల జోలికి వెళ్లడానికి కుదరలేదు కదా, ఆ కసి అంతా సంచుల మడతల్లో ఉంది. చీటీ తీసి మంచం మీద పెట్టింది.

"పద వదినా, ముందు కోట్లు. రేడియో కూడా పెట్టుకుందాం, పని తెమిలినట్టుంటుంది. గుడ్డ తియ్యొచ్చుగా ఇంక."

"ముందు భోంచేద్దాం," అన్నాను.

తిన్నాం. కంచాలు కడిగాను. తుడిచాను. తుడిచినవి మళ్లీ తుడిచాను. ఒంటిగంటైంది. వీధి నిద్రపోయింది. నేను లేచి కిటికీలు మూశాను. ఫ్యాన్ ఆపాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. కుక్కని కట్టేశాను. గడియారం పరుపు కింద పెట్టాను.

దియోలిందా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. "ఏంటిది? మళ్లీ చావింటిలా చేస్తున్నావేంటి?"

"కూర్చో. నది సంగతి తెలుసుకుందాం."

"తెలియడానికేముంది, నిన్న పన్నెండు సెంటీమీటర్లు పెరిగింది."

"నీకెలా తెలుసు?"

సంచి ఒకటి తీసి మళ్లీ మడతపెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఎదురింటివాళ్లు జగ్గులో పెడతారుగా. నేను మొక్కలకి నీళ్లు పోస్తుంటాను. వినపడుతుంది," అంది. ఆ మడత విప్పుతూ, "గురువారం మూడుసార్లు తుమ్మాడు. జలుబు మందేదైనా ఇవ్వకూడదూ ఆయనకి?" అంది.

గేటు దగ్గర చప్పట్లు. రెండే. హిల్దో టోపీ చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి, తెరిచిన తలుపులోంచి పక్కగదిలో మంచం మీది సంచులు చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. కాగితాలు తీసి అక్కడే నిలబడబోయాడు.

నేను వెళ్లి బీరువా తలుపు తెరిచాను. స్టూలు లోపలే ఉంది. పోంచో కొంచెం పక్కకి జరిపాను, అతని భుజానికి చోటు ఉండేలా.

"కొమాద్రే, మరి బట్టలు..."

"ఈ ఉక్కలో నిలబెట్టి మాట్లాడించకండి నన్ను. పాలు విరిగిపోతాయి, ఫ్రిజ్ ఆపేశాను. వెళ్లండి."

అతను దియోలిందా వైపు చూశాడు. ఆమె పైకప్పు వైపు చూసింది. చెప్పులు విడిచి లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. నేనూ మా ఆడపడుచూ నేల మీద, మంచానికి ఆనుకుని కూర్చున్నాం. సంచులు ఆమె ఒళ్లో ఉన్నాయి. లోపల్నుంచి మెత్తగా, "ఒడ్డు మీదివాళ్లకీ, నీళ్ల మీదివాళ్లకీ నమస్కారం," అని వినపడింది. నది నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. రేవు దగ్గరి న్యా ఎస్కొలాస్తికా పోయింది, ప్రార్థన రేపు ఐదింటికి. చెవి మీద తెల్లమచ్చ ఉన్న ఆవు ఒకటి కనపడడం లేదు. ఒకే ఒక్కటి.

అప్పుడు తుమ్మాడు.

"హెసూస్!" అంది దియోలిందా గట్టిగా, ఎవరు తుమ్మినా దేవుడి పేరు తలిచే అలవాటుకొద్దీ. వెంటనే సంచి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. బీరువాలో స్టూలు కిర్రుమంది. తర్వాత, "థాంక్యూ దియోలిందాగారూ," అని, ఆవు యజమాని పేరు దగ్గర మళ్లీ అందుకున్నాడు. మూడింటికి ఆ మాట ఊళ్లో ప్రతి జగ్గులోంచీ వినపడి ఉంటుంది.

దియోలిందా నాలుగింటికి వెళ్లింది. చీటీ తీసుకెళ్లింది, సంచులు మర్చిపోయింది. మర్చిపోయిందో, వదిలేసిందో నేను అడగలేదు. ఫ్రిజ్ ప్లగ్గు పెట్టాను, గడియారం గోడకెక్కించాను, కుక్కని విప్పాను. రేడియో మీద గుడ్డ తీసి, ఉతికి ఆరేశాను. జారిన మిల్లు కోటుని హ్యాంగరుకి తగిలించాను. నాలుగు సంచులూ మడతపెట్టి బీరువాలో, స్టూలు కింద పెట్టి, తలుపేశాను.